అపహృతమైన వంశావళి: లిపిత్స శ్వేతాశ్వముల వృత్తాంతము

ఒక తాళపత్రప్రతి దొంగలచేతఁ బడి, కొన్నియేండ్లకు మరల దొరకినదనుకొందము. ఆకులన్నియు నున్నవి, అక్షరములు చెడలేదు. కాని యది యెవరి ప్రతి, యే మాతృకను జూచి యెవ్వరు వ్రాసికొనిరి, యెప్పుడు వ్రాసిరి యను సంగతులను దెలుపు కడపటి గద్యము మాత్రము లేదు. గ్రంథము చేతికి వచ్చినను దాని చరిత్రము చేతికి రాలేదని పరిశోధకులు నొచ్చుకొందురు. పశుసంపద విషయమునను నిట్టి స్థితియే కలదు. మేలుజాతి జంతువును దొంగిలించువాఁడు దాని బలమును వెలను గొనిపోవుటతోఁ దనియఁడు. అనేకతరముల పెంపకము దారులు తెలిసి చేర్చిపెట్టిన యెన్నికనుగూడఁ గొనిపోవును. జంతువు మరల దొరకినప్పుడు ఆ యెన్నిక యొక్క చరిత్రము దానివెంట మరల వచ్చునా యనునదియే యీ వ్యాసమునందలి ప్రశ్నము.

దీనికి దృష్టాంతముగా మధ్యయూరపునందలి లిపిత్స గుఱ్ఱముల వృత్తాంతమును గైకొనుచున్నాను. అశ్వవిషయమునకు సాహిత్యపరిశోధకుల పత్రికలోఁ జోటేల యని యెవరైన నందురేమో. మనుమంచిభట్టు హయలక్షణవిలాసమును రచించిన తెలుఁగు సాహిత్యమునకు గుఱ్ఱము వెలిది కాదు. అంతకంటె ముఖ్యమైన కారణ మొకటి కలదు. ఈ గుఱ్ఱముల దేహముమీఁదనే వ్రాఁత యున్నది. అది చదువనేర్చినవానికి వంశచరిత్రము తెలియును.

లిపిత్స యనునది నేఁడు స్లొవేనియాదేశమున, ఇటలీ సరిహద్దునకు మిక్కిలి చేరువను, ట్రీయెస్తు నగరమునకుఁ బైనున్న సున్నపుఱాతి పీఠభూమిమీఁది యొక చిన్న గ్రామము. 'లీప' యనఁగా స్లొవేనుభాషలో లిండెను వృక్షము; 'లిపిత్స' యనఁగాఁ జిన్న లిండెను. మన 'లిపి' శబ్దముతో దీనికెట్టి సంబంధమును లేదు. శబ్దసామ్యమును మాత్రము చూచి వ్యుత్పత్తి కల్పింపరాదని విద్యార్థులకుఁ జెప్పుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు. అచ్చటి నేల ఱాతినేల, గడ్డి పలుచన. 1580వ సంవత్సరమున ఆస్ట్రియారాజవంశమునకుఁ జెందిన ఆర్చిడ్యూకు రెండవ కార్లు అచ్చట గుఱ్ఱపుసాలను నెలకొల్పి, స్పెయినునుండి గుఱ్ఱములను దెప్పించెను. స్పెయిను గుఱ్ఱములనిన నాఁడు యూరపు రాజులందఱకును మోజు. వియన్నా నగరమున రాజాస్థానమునకుఁ జేరిన యశ్వారోహణవిద్యాలయమునకుఁ గూడ 'స్పానిషు' విద్యాలయమనియే పేరు. ఆ విద్యాలయపుఁ బేరు 1572నాఁటికే లేఖలలోఁ గానవచ్చుచున్నది. ఇప్పుడున్న ప్రదర్శనమందిరము 1729 మొదలు 1735 వఱకుఁ గట్టఁబడినది. లిపిత్సలోఁ బెరిగిన మగగుఱ్ఱములు ఆ మందిరమున శిక్షితములై, వాద్యముల కనుగుణముగా నడకలు చూపుచు, ముంగాళ్లెత్తి నిలుచుటయు, నిలిచినచోటనే గాలిలోని కెగయుటయు మొదలగు విద్యలను బ్రదర్శించెడివి.

ఈ జాతికి మూలపురుషులుగా నెన్నఁబడునవి యాఱు గుఱ్ఱములు. డెన్మార్కునుండి వచ్చిన ప్లూటో 1765లోను, నేపుల్సుదేశపు కొన్వెర్సానో 1767లోను, బొహీమియాలోని క్లాద్రుబు గుఱ్ఱపుసాలలో మయెస్తోసో 1773లోను, అచ్చటనే ఫవొరీ 1779లోను, నేపుల్సుదే యైన నెయపొలిటానో 1790లోను, అరబ్బుజాతి సిగ్లవీ 1810లోను బుట్టినవి. క్రొయేషియా, హంగెరీ ప్రాంతములవారు తులిపాను, ఇంచితాతో యను మఱి రెండింటినిఁ జేర్చి యెనిమిదిగా లెక్కింతురు.

ఇఁక పేర్ల సంగతి. ఇది మన చరిత్రకారుల కానందము గలిగించునది. లిపిత్స మగగుఱ్ఱమునకు రెండు పేర్లుండును. మొదటిది తండ్రివంశపు మూలపురుషుని పేరు. రెండవది కన్నతల్లి పేరు. 'ప్లూటో థెరెసా' యనినచో, ప్లూటో వంశమునఁ బుట్టి థెరెసా కడుపునఁ బెరిగినదని యర్థము. ఒకే తల్లికి ఆ వంశముననే మఱియొక పిల్ల పుట్టినయెడల సంఖ్య చేర్తురు. గోడిగల పేర్లు 'ఆ' కారాంతములుగా నుండవలెనని నియమము. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి యను నామములను శాసనములలోఁ జదివిన మనకు ఈ పద్ధతి క్రొత్తగాఁ దోఁపదు. వంశనామము తండ్రివైపునుండి వచ్చుచుండఁగా వ్యక్తిని గుర్తించుటకుఁ దల్లిపేరు తోడగుచున్నది. శాతకర్ణు లనేకులు, గౌతమి కొడుకైన శాతకర్ణి యొక్కఁడు. మయెస్తోసోలును అనేకములు, బొరీనా కొడుకైన మయెస్తోసో వేఱు. ఆస్ట్రియారాజులకుఁ గాని, వారి యశ్వపాలకులకుఁ గాని శాతవాహనుల పేరు తెలిసియుండదు. ఒకే యవసరము రెండుచోట్ల నొకే యుపాయమును బుట్టించినది.

ఈ పేరే ముద్రారూపమున దేహముమీఁదఁ గాల్పఁబడును. ఎడమచెక్కిలిమీఁద 'ల' కారమునకు సరియైన రోమనులిపి యక్షర ముండును. అది స్వచ్ఛమైన లిపిత్సజాతికి గుర్తు. ఎడమప్రక్కను, జీను వేయుచోట, తండ్రివంశపు మొదటి యక్షరమును, దాని క్రింద తల్లికిఁ దండ్రియైన గుఱ్ఱపు వంశచిహ్నమును నుండును. ఎడమతొడపై, ఏ గుఱ్ఱపుసాలలోఁ బుట్టెనో ఆ సాల ముద్ర. ఆస్ట్రియాలోని పీబరు సాలకు 'ప' కారాక్షరమును దానిమీఁదఁ గిరీటమును గుర్తు. కుడిప్రక్కను బిల్ల పుట్టిన వరుసలో వంశావళిగ్రంథమున కెక్కిన సంఖ్య. ఈ నాలుగింటినిఁ గూర్చి చదివినచో జాతి, పితృవంశము, మాతామహుఁడు, జన్మస్థానము, గ్రంథములోని పుట యనునవి తెలియును. అనఁగా మన వ్రాయసకాండ్రు కడపటి గద్యమునందుఁ జెప్పు సంగతులే. అయితే గద్యము గ్రంథముతోఁ గూడ నుండును. ఇచ్చట ముద్ర జంతువుమీఁదను, దాని వివరణము వేఱొకచోటనున్న పుస్తకమునందును నున్నవి. కుడిప్రక్కనున్న సంఖ్య పుస్తకము లేనిదే వట్టి సంఖ్య. ఈ కథలోని చిక్కులన్నియు నీ యెడఁబాటునుండియే పుట్టినవి.

రంగును నమ్మరాదనుట కూడ నిచ్చటఁ జెప్పవలెను. లిపిత్స పిల్లలు పుట్టునప్పుడు నల్లగనో గోధుమవన్నెగనో యుండును. ఆఱు మొదలు పదియేండ్లలోఁ గ్రమముగాఁ దెలుపెక్కును. కొన్ని యరుదుగా జీవితాంతము గోధుమవన్నెగనే నిలుచును. అట్టిదాని నొకదానిని వియన్నా విద్యాలయమున శుభమని యుంచుకొందురు. కద్రువ వినతలు ఉచ్చైశ్శ్రవము తోఁకను జూచి పందెము వేసికొన్న కథ మనకుఁ దెలిసినదే. అచ్చట సర్పములు చేసిన మోసమును ఇచ్చటఁ గాలమే చేయును. మూఁడేండ్ల నల్లని పిల్లను గొనిపోయి పండ్రెండేండ్లకుఁ దెల్లని గుఱ్ఱమును దెచ్చినయెడల అది యిదియేనా యని చెప్పుటకు ముద్రయే యాధారము. మన యశ్వలక్షణగ్రంథములలో సుడులకు, మచ్చలకు విస్తారమైన వర్ణనము కలదుగాని యది శుభాశుభనిర్ణయముకొఱకు. ఆ సుడులే గుర్తుపట్టుటకును జక్కఁగాఁ బనికివచ్చును; నేఁటి యశ్వవైద్యులు గుఱ్ఱముల గుర్తింపుపత్రములలో సుడులను జిత్రించుచునే యున్నారు.

వంశావళికి మొదటి దెబ్బ నెపోలియను యుద్ధములలోఁ దగిలినది. 1797లో ఫ్రెంచిసేనలు సమీపింపఁగా గుఱ్ఱములను హంగెరీకిఁ దరలించిరి. 1805లో మరల జాకొవోకు, 1809లో మూఁడవమాఱును దరలింపవలసివచ్చెను. 1815లోఁ గాని యవి లిపిత్సకు స్థిరముగాఁ జేరలేదు. ఈ పరుగులలోఁ బెక్కు గుఱ్ఱములు నశించినవి. 1700కుఁ బూర్వపు వంశచరిత్రమును దెలుపు గ్రంథములు పోయినవి. పైని జెప్పిన మూలపురుషు లందఱును పదునెనిమిదవ శతాబ్దిలోను దరువాతను బుట్టినవారే యగుట నిచ్చట గమనింపవలెను. స్పెయినునుండి మొదట వచ్చిన గుఱ్ఱముల రక్తము నేఁటి గుఱ్ఱములలోఁ బాఱుచున్నను, ఏది యేదానికిఁ బుట్టినదో చూపు పుటలు లేవు. మెకంజీదొర కైఫీయతులను వ్రాయింపకపోయినచో మన గ్రామచరిత్రములలో నెన్ని యిట్లు మొదలు తెగియుండెడివో తలఁచికొనినయెడల నీ నష్టపుఁ బరిమాణము కొంత తెలియును.

రెండవ దెబ్బ పంపకపుదెబ్బ. మొదటి మహాయుద్ధములో ఇటలీ యుద్ధమునకు దిగఁగా, 1915లో లిపిత్స గుఱ్ఱములను వియన్నాయొద్ద లాక్సెన్‌బుర్గునకును గ్లాద్రుబునకును దరలించిరి. 1918లో ఆస్ట్రియా హంగెరీ సామ్రాజ్యము కూలెను. లిపిత్సగ్రామము ఇటలీకిఁ జేరెను. గుఱ్ఱములను ఇటలీయు ఆస్ట్రియాయుఁ బంచుకొన్నవి. ఆస్ట్రియావారు తమ భాగమును 1920లో స్టీరియామండలములోని పీబరునందు నిలిపిరి. అవిభక్తకుటుంబపు ఆస్తివలె జాతి రెండుగాఁ జీలినది. చిన్న చిన్న శాఖ లంతకుముందే హంగెరీ, రుమేనియా, క్రొయేషియా ప్రాంతములలో నుండెను.

ఇఁక నపహరణము. 1938లో ఆస్ట్రియా జర్మనీలోఁ గలుపఁబడినది. 1942లో జర్మనులు పీబరుగోడిగలను బశ్చిమబొహీమియాలోని హోస్టావు (చెకుభాషలో హోస్తౌన్య) అను చోటికిఁ దరలించిరి. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోఁగానే లిపిత్సలోనివానినిఁ గూడ నచ్చటికే కొనిపోయిరి. పోలండునుండి మేలుజాతి యరబ్బుగుఱ్ఱములును నచ్చటికి వచ్చినవి. ఈ పనికి జర్మనుపక్షమున నధిపతి గుస్తావు రౌ అను నశ్వపోషణనిపుణుఁడు. అతఁడు మూర్ఖుఁడు కాఁడు. గుఱ్ఱములను జంపలేదు, పస్తులుంచలేదు. సైన్యమునకుఁ బనికివచ్చునట్లు వేగముగాఁ బెంచి, ఆకారమును మార్పఁదలఁచెను. వియన్నా విద్యాలయాధ్యక్షుఁడైన ఆలోయిస్ పోద్‌హాయ్‌స్కీ దీనికి సమ్మతింపలేదు. పోద్‌హాయ్‌స్కీ 1936 ఒలింపిక్సులో నశ్వవిద్యయందుఁ గంచుపతకమందినవాఁడు; 1939లో విద్యాలయాధికారము వహించెను. ఆలస్యముగా నెదిగి దీర్ఘకాలము పనిచేయుటయే లిపిత్సజాతి గుణమనియు, తొందరపెట్టినచో నా గుణమే పోవుననియు నతని వాదము. నాకుఁ జూడ నిక్కడనే దొంగతనము యొక్క లోఁతు తెలియుచున్నది. గుఱ్ఱమును గట్టుత్రాడుతోఁ గొనిపోవుట యొక దొంగతనము. జత కూర్చు నధికారమును గొనిపోవుట మఱింత పెద్దది. ఏలయన మూఁడు తరములు వేఱు తలంపుతో జతకూర్చినయెడల, మరల తిరిగివచ్చు గుఱ్ఱము పోయిన గుఱ్ఱము కాదు. గ్రంథమును దొంగిలించి పాఠములను దిద్దినట్లగును. దిద్దినవాఁడు పండితుఁడైనచో నపాయము మఱియు నెక్కువ.

1945 ఏప్రిలు నాఁటికి తూర్పునుండి సోవియటుసేనయుఁ, బడమటినుండి అమెరికాసేనయు హోస్టావును సమీపించుచుండెను. ఆఁకలిగొన్న సేనకు గుఱ్ఱము మాంసమనియు, బండిలాగు జంతువనియు సాలలోనివారికి భయము. అచ్చటి జర్మను అధికారులు, పశువైద్యుఁడైన రూడొల్ఫ్ లెస్సింగు మొదలగువారు, అమెరికావారితో రహస్యముగా సంభాషణము జరిపిరి. అమెరికా రెండవ యశ్వికదళాధిపతి కర్నలు చార్లెస్ రీడు తానును గుఱ్ఱపురౌతే. పేరు మాత్రము మిగిలి గుఱ్ఱములకు మాఱుగా యంత్రశకటములు వచ్చిన దళమునకు నాయకుఁడు. పై సేనాధిపతి ప్యాటను అనుమతి నిచ్చెను. 1945 ఏప్రిలు 28వ తేదీని రీడు సైనికులు హోస్టావును స్వాధీనము చేసికొనిరి. గుఱ్ఱములతోఁ బాటు అచ్చటనున్న మిత్రపక్షపు యుద్ధఖైదీలకును విముక్తి కలిగెను. హోస్టావు సోవియటుభాగమునఁ బడునని తెలియుటచే మే నెల నడుమ గుఱ్ఱములను సరిహద్దు దాఁటించి బవేరియాకుఁ దోలిరి. చూలుతో నున్న గోడిగలును, అప్పుడే పుట్టిన పిల్లలును ఆ మందలో నుండెను.

వియన్నాలోని మగగుఱ్ఱములకథ వేఱు. బాంబులకు భయపడి పోద్‌హాయ్‌స్కీ వానిని 1945 మొదట సాంక్ట్ మార్టినను పల్లెకుఁ దరలించియుండెను. మే 7వ తేదీని ప్యాటను, అమెరికా యుద్ధశాఖ ఉపకార్యదర్శి రాబర్టు ప్యాటర్సను అచ్చటికి రాఁగా, అతఁడు వారియెదుట విద్యాప్రదర్శనము చేసి, ఆటముగియఁగానే తన గుఱ్ఱములకు రక్షణ మిమ్మని వేఁడెను. ప్యాటను 1912 ఒలింపిక్సులో స్వారితోఁ గూడిన పంచక్రీడలలో నైదవవాఁడై వచ్చినవాఁడు. విన్నపము వ్యర్థము కాలేదు. ఈ రెండు సంఘటనలను గలిపి యొకటిగాఁ జెప్పుట వాడుకయైపోయినది. 1963లో వచ్చిన డిస్నీ చలనచిత్రము దానికి మఱింత సహాయము చేసెను. ప్రదర్శనమును జూచి ప్యాటను హోస్టావుకు సేనను బంపెనను కథ తేదీలకు నిలువదు. హోస్టావు విడుదల ప్రదర్శనమునకుఁ దొమ్మిదిదినములు ముందుది.

ఇంతవఱకు రక్షణము. దీనినే పునఃప్రాప్తి యని యనేకులు వ్రాసిరి. ఆ మాట కొంత విచారింపఁదగినది. హోస్టావులోఁ జిక్కిన గుఱ్ఱములలోఁ గొన్నింటిని అమెరికాసేన యుద్ధలబ్ధధనముగాఁ బరిగణించి 1945లో ఓడకెక్కించి తమ దేశమునకుఁ గొనిపోయెను. పోలండులో యానువు పొద్‌లాస్కి సాలలో 1938లోఁ బుట్టిన 'వీతెజు' (వీరుఁడని యర్థము) అను నరబ్బుగుఱ్ఱము వానిలో నొకటి. అది వర్జీనియాకును, పిమ్మటఁ గాలిఫోర్నియాలోని పొమోనాకును జేరి, 1949లో వేలములో నమ్ముడుపోయెను. అక్కడి యరబ్బుగుఱ్ఱముల వంశావళులలో నేఁటికిని దాని పేరు కానవచ్చును. దొంగయొద్దనుండి విడిపించిన వస్తువు విడిపించినవానిదగునా? మన ధర్మశాస్త్రములు దొంగసొమ్మును రాజు తిరిగి యజమానునకుఁ జేర్పవలెననియే చెప్పుచున్నవి. పోలండుదేశమునకు వీతెజు మరల రాలేదు.

లిపిత్సగుఱ్ఱముల విషయమున న్యాయము కొంత మేలుగా జరిగినది. ఆస్ట్రియావి ఆస్ట్రియాకుఁ జేరినవి. 1952లోఁ బీబరునకు మరలినవి. మగగుఱ్ఱములు 1955లో వియన్నా మందిరమునకు వచ్చినవి. ఇటలీనుండి పోయినవి ఇటలీకిఁ జేరినవి. అయితే 1947 సంధిచే లిపిత్సగ్రామము ఇటలీనుండి యుగోస్లావియాకుఁ బోయినది. గ్రామమొక దేశమునకు, గ్రామములోఁ బుట్టిన గుఱ్ఱములు మఱియొక దేశమునకుఁ జెందినవి. రెండవ మహాయుద్ధానంతరము లిపిత్సకు మరలివచ్చినవి పదునొకండు మాత్రమే. మున్నూటయఱువదేండ్లుగా జాతికిఁ బేరిచ్చిన సాల పదునొకండు గుఱ్ఱములతో మరల మొదలుపెట్టవలసివచ్చెను. ఇది యెవరి దోషము? పత్రములను బట్టి చూచినచో ఇటలీవారు తమ సొమ్మునే తీసికొనిరి. ఐనను నూతిని వదలి నీటిని మాత్రము పంచుకొన్నట్లు తోఁచుచున్నది. తరువాతఁ గొన్నియేండ్లకు జాతికి మూలవంశావళిగ్రంథమును నడుపు హక్కెవరిదని ఇటలీ, ఆస్ట్రియా, 1991లో స్వతంత్రమైన స్లొవేనియా వాదులాడుకొనుటకు బీజము లిచ్చటనే యున్నవి. స్లొవేనియా 2007లో యూరో నాణెములను ముద్రించినప్పుడు ఇరువది సెంట్ల నాణెముపై లిపిత్సగుఱ్ఱముల జంటను వేసికొన్నది. ఆ నాణెమును జూచినవారు దానిని సొగసుకొఱకే వేసిరనుకొందురు.

పుస్తకములు చెప్పునది నిజమేనా యను ప్రశ్నమునకుఁ బ్రత్యుత్తర మాధునిక జీవశాస్త్రము కొంత యిచ్చినది. జీవకణములలోని మైటోకాండ్రియా యను నంశమునకు స్వకీయమైన జన్యులేఖ కలదు. అది తల్లినుండియే బిడ్డకు వచ్చును, తండ్రిది రాదు. కావున దానిని జదివినచో మాతృవంశము తెలియును. 2002లోఁ బ్రకటితమైన పరిశోధనమొకటి ఎనిమిది సాలలలోని 212 లిపిత్సగుఱ్ఱములను బరీక్షించి 37 విధములైన మాతృలేఖలను గనుఁగొన్నది. ఒకే మూలగోడిగ సంతతియని పుస్తకములలో నున్నవానికి ఒకే లేఖ యుండవలెను గదా. కనీసము నూటికిఁ బదునొకండు గుఱ్ఱములలోఁ బుస్తకమునకును దేహమునకును బొత్తు కుదురలేదు. ఎచ్చటనో, ఏ తరముననో, ఒక పిల్లను వేఱు తల్లిక్రింద వ్రాసిరన్నమాట. ఆ తప్పులు యుద్ధకాలపుఁ బరుగులలోఁ బడినవో, నెమ్మదికాలమున లేఖకుని యజాగ్రత్తచేఁ బడినవో ఈ సంఖ్య చెప్పదు. నావఱకు నేను దీనిని బుస్తకములకుఁ గళంకముగా నెన్నను. రెండున్నర శతాబ్దులు, నాలుగైదు రాజ్యములు, రెండు మహాయుద్ధములు గడచియు నూటికి ఎనుబదితొమ్మిదివఱకు సరిపోవుట గొప్ప. బ్రౌనుదొర వేమనపద్యముల ప్రతులను సరిచూచుచుఁ బడిన పాట్లు తెలిసినవారు నాతో నేకీభవింతురనుకొందును.

ఇట్టి పరీక్షయే మన యొంగోలు పశువులవిషయమున నొక వింతను బయలుపఱచినది. ఒంగోలుప్రాంతము పూర్వము నెల్లూరుజిల్లాలోని దగుటచే, పందొమ్మిదవశతాబ్ది యుత్తరార్ధమున బ్రెజిలుదేశమునకుఁ బోయిన యీ పశువులకు అచ్చట 'నెలోరె' యను పేరు నిలిచినది. 1938లో అచ్చట వంశావళిలేఖనము మొదలైనది. 1960 ప్రాంతమున మరలఁ గొన్ని పశువులు పోయినవి. వానిలో నొక యాఁబోతు ఒంగోలుచేరువనున్న కరవది గ్రామము పేరనే అచ్చటి వంశావళులలోఁ బ్రసిద్ధమైనది. ఇవి కొనిపోఁబడినవే కాని దొంగిలింపఁబడినవి కావు. అయినను నెలోరె మందల మాతృలేఖను జదువఁగా అధికభాగము ఐరోపాజాతి యావులదిగాఁ దేలినది. మూఁపురమును, తెలుపును, ఎండకోర్చు గుణమును మనదేశపు తండ్రులవి; మూలమాతలలోఁ బెక్కు అంతకుముందే అచ్చటనున్న యావులు. పోయిన యాఁబోతులు కొన్ని, యావులు మఱియుఁ గొన్ని యగుటచే నిట్లు జరిగినది. పేరుమాత్రము నెల్లూరిదే నిలిచినది.

లిపిత్సగుఱ్ఱములకు మఱల నొకమా ఱపహరణము తప్పలేదు. క్రొయేషియాలో లిపికు అను సాల కలదు. లిపికు వేఱు, లిపిత్స వేఱు, పాఠకులు పొరపడవలదు. 1991లో యుగోస్లావియా విచ్ఛిన్నమై యుద్ధము వచ్చినప్పుడు లిపికులోని గుఱ్ఱములు సెర్బులచేఁ దరలింపఁబడి నోవిసాదు ప్రాంతమునకుఁ జేరినవి. యుద్ధము 1995లో ముగిసినను గుఱ్ఱములు రాలేదు. 2007 అక్టోబరులో 60 గుఱ్ఱములు క్రొయేషియాకు మరలినవి. పదునాఱేండ్లు గడచినవి, గుఱ్ఱముల మందలో నది యొక తరముకంటె నెక్కువ.

2022లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసాంస్కృతికసంస్థ లిపిత్సగుఱ్ఱముల పెంపకపు సంప్రదాయమును మానవజాతి యమూర్తవారసత్వముగా నంగీకరించినప్పుడు, ఆస్ట్రియా, ఇటలీ, స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, హంగెరీ, రుమేనియా, స్లొవాకియా యను ఎనిమిది దేశములు కలిసి యా విన్నపము చేసినవి. ఎవరిది మూలమని వాదులాడినవారే అందులో నున్నారు.

ఐతే లిపికునకు రావలసిన గుఱ్ఱములలోఁ బ్రవాసమునఁ బుట్టిన పిల్లల మాటేమి? అవి నోవిసాదు గడ్డితినిఁ బెరిగినవి. వానికిఁ దండ్రులు వేఱు సాలవి కావచ్చును. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున బీజక్షేత్రవిచారము కలదు. అందు ఆవులు, గుఱ్ఱములు, ఒంటెలు మొదలగువాని సంతతి బీజమునకు యజమానునిది కాదనియు, తల్లికి యజమానుఁడైనవానిదే యనియుఁ జెప్పఁబడినది. ఆ న్యాయముచేఁ జూచినచో, లిపికు గోడిగ యెక్కడ నీనినను, ఏ మగగుఱ్ఱమునకు నీనినను, ఆ పిల్ల లిపికుదే. అయితే ఏ పిల్ల యే గోడిగదో తేల్చుటకు మాత్రము, ప్రక్కటెముకలమీఁది ముద్రను బుస్తకములోని సంఖ్యతో మరల సరిచూడవలసినదే. పదునాఱేండ్లలో ముద్రవేసినవారు నోవిసాదువారు. పుస్తకము వ్రాసినవారును వారే.